మా ఇల్లు డచ్చివాళ్లు కట్టిందేనా మాస్టారూ?

ఈ నెల ఈ శీర్షికకి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం పాత రాతి ఇళ్ల మీదే. 2014లో హుద్‌హుద్‌కి పెంకు ఎగిరిపోతే అప్పట్నుంచీ టార్పాలిన్ మీదే నెట్టుకొస్తున్నవాళ్లు, బిల్డరు బేరానికి వచ్చి కూర్చున్నవాళ్లు, కాగితాల దగ్గర చుట్టాలతో పేచీ పడ్డవాళ్లు, అందరూ ఒకేసారి రాశారు. బాత్రూమ్ లీకులు, వాటర్ ట్యాంకుల ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేశాను, ఏమీ అనుకోకండి. మొదటి ఉత్తరం పెద్దది, జవాబూ దానికి తగ్గట్టే ఉంటుంది.

ప్రశ్న: మాస్టారూ, విశాఖపట్నం వన్ టౌన్‌లో కోట వీధి పక్క సందులో మా అమ్మమ్మగారి ఇల్లుంది. ముందు అరుగు, చిన్న వసారా, రెండు గదులు, వెనక వంటపాక, నుయ్యి, అంతే. గోడలు రెండడుగుల మందం, కొండరాయి. పైన రెండడుగులు మాత్రం ఇటుక. కప్పు బెంగుళూరు పెంకు. డచ్చివాళ్లు కట్టిన ఇల్లని మా తాతగారు చెప్పేవారు, పెంకు తిరగేసి చూస్తే 1865 అని కూడా ఉంది. కాగితాలు రెండే దొరికాయి. ఒకటి పరీధావి సంవత్సరం వైశాఖంలో, ఫసలీ 1321 అని వేసి రాసిన క్రయ దస్తావేజు. భర్త పోయిన ఒకావిడ, తన మైనరు కొడుకుల తరఫున కూడా సంతకం పెట్టి, మా ముత్తాతకి 140 రూపాయలకి అమ్మింది. అందులో "కొండరాతి గోడల తాటాకు ఇల్లు" అని ఉంది. హద్దుల్లో తూర్పున సున్నపు బట్టీ దొడ్డి, దక్షిణాన ఉమ్మడి గోడ, పడమర సర్కారు దారి అని రాశారు. రెండోది 1926లో అమ్మమ్మ పెళ్లికి ముత్తాత పసుపు కుంకుమల కింద ఆవిడ పేర రాసిన దఖలు (కానుక పత్రం), రిజిస్టరు అయింది. అందులో "పెంకుటిల్లు" అని ఉంది. తాతగారు ముందే పోయారు, అమ్మమ్మ 1979లో వీలునామా ఏమీ రాయకుండా పోయింది. ఆవిడకి పిల్లలు ఇద్దరే, మామయ్య, మా అమ్మ. ఇంటి పన్ను మామయ్య పేరున వచ్చేది, ఆయన పోయాక బావ పేరుకి మారింది. పన్ను మా పేరున ఉంది కాబట్టి ఇల్లు మాదే, పడగొట్టి అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేస్తాం అంటున్నాడు బావ. అసలీ ఇల్లు ఎంత పాతది? మా అమ్మకి ఇందులో ఏమైనా హక్కుందా? (గాజువాక నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, డచ్చివాళ్ల సంగతి ముందు తేల్చేద్దాం. మన వైపు డచ్చివాళ్ల స్థావరం భీమిలి. అక్కడ వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, ఎవరైనా వెళ్లి చూడొచ్చు. 1824లో ఇంగ్లీషువాళ్లకీ డచ్చివాళ్లకీ కుదిరిన ఒప్పందంతో భీమిలి కూడా ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. విశాఖపట్నంలో మాత్రం 1680ల నుంచీ కొట్టు పెట్టుకుని కూర్చున్నది ఇంగ్లీషు కంపెనీయే, మీ కోట వీధికి ఆ పేరు తెచ్చిన కోట వాళ్లదే. కానీ మన ఊళ్లో గోడ కాస్త లావుగా కనిపిస్తే చాలు, డచ్చివాళ్ల ఖాతాలో వేసేస్తాం. కొండరాయి కొట్టినవాళ్లు, సున్నం కాల్చినవాళ్లు, గోడ పేర్చిన తాపీ మేస్త్రీలు అందరూ ఇక్కడివాళ్లే, వాళ్ల పేర్లు ఏ దస్తావేజులోనూ ఉండవు కాబట్టి ఆ ఘనత ఎవరికో పోతుంది.

గోడ మందానికీ దొరతనానికీ సంబంధం లేదు. చెక్కని కొండరాయితో గోడ కట్టాలంటే లోపలి వైపు ఒక వరస, బయటి వైపు ఒక వరస పేర్చి, మధ్య ఖాళీలో చిన్న రాళ్లు, మట్టి, సున్నం కూరుతూ పైకి వస్తారు. అక్కడక్కడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టే పొడవాటి రాయి ఒకటి అడ్డంగా వేస్తారు, అది లేకపోతే రెండు వరసలూ కొన్నాళ్లకి దేనికది విడిపోతాయి. ఇలా కట్టే గోడ అడుగున్నర కంటే సన్నగా రావడం కష్టం. మీ రెండడుగులు అందుకే. పేదవాడు కట్టుకున్నా అంతే మందం వచ్చేది.

ఇక 1865. మనం బెంగుళూరు పెంకు అంటామే, దాని అసలు ఊరు మంగుళూరులో బాసెల్ మిషన్ అనే మిషనరీ సంస్థ పెంకుల ఫ్యాక్టరీ మొదలుపెట్టిన ఏడాది అది. ఆ తర్వాత వాళ్లు చేసిన పెంకుల మీద కూడా అదే అంకె అచ్చు వేస్తూ పోయారు, ఇప్పటి మిఠాయి కొట్ల బోర్డుల మీద "స్థాపితం" అని వేసుకుంటారే అలాగ. కాబట్టి అది పెంకు పుట్టిన ఏడాది కాదు, ఇల్లు పుట్టిన ఏడాది అంతకంటే కాదు. ఈసారి పెంకు తిరగేసినప్పుడు అంకె పక్కన ఉన్న పేరు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం దెబ్బకి ఆ ఫ్యాక్టరీలు మిషన్ చేతుల్లోంచి పోయి కామన్‌వెల్త్ ట్రస్ట్ కిందికి వెళ్లాయి. బాసెల్ మిషన్ పేరే ఉంటే ఆ మార్పుకి ముందు కాల్చిన పెంకు, ట్రస్టు పేరుంటే తర్వాతది. ఒకటి రెండు పెంకులు చూసి ఆగిపోకండి. గాలివానకి పగిలినవి మార్చేటప్పుడు ఎక్కడివో తెచ్చి వేస్తారు, ఒకే కప్పు మీద నాలుగైదు ఫ్యాక్టరీల పేర్లు కనిపించడం మామూలే. ఎక్కువ ఏ పేరుతో ఉన్నాయో చూసుకోవాలి.

అన్నిటికంటే పనికొచ్చే ముక్క మీరు మామూలుగా రాసేసి వదిలేశారు, పైన రెండడుగులు ఇటుక అని. తాటాకు కప్పు నిట్టనిలువు వాలుతో ఉంటుంది, చూరు కిందికి దిగి వస్తుంది, వాన గోడకి కొట్టకుండా. దానికి పొట్టి గోడ చాలు. పెంకు వేయాలంటే వాలు తగ్గుతుంది, చూరు పైకి లేవాలి, కాబట్టి గోడ ఎత్తు పెంచాలి. అప్పటికి ఇటుక చేతికి అందుతోంది కాబట్టి మళ్లీ కొండరాయి జోలికి పోకుండా ఇటుకతో లేపేశారు. ఇది నా ఊహ అయితే నేనే గట్టిగా చెప్పను గానీ, మీ దస్తావేజులు రెండూ కలిసి అదే చెబుతున్నాయి కదా! మొదటి దాంట్లో రాతి గోడల తాటాకు ఇల్లు, 1926 దాంట్లో పెంకుటిల్లు. ఆ మధ్య కాలంలో మీ ముత్తాత కప్పు మార్చాడు. కూతురి పెళ్లికి ఇవ్వబోయే ఇల్లని మార్చాడో, తాటాకు ఇళ్లకి నిప్పంటుకుంటే సందు సందంతా పోతుందని మార్చాడో మనకి తెలియదు.

మొదటి దస్తావేజు ఎప్పటిది అన్నది చాలా దగ్గరగా పట్టుకోవచ్చు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, జూలై 1న మొదలై జూన్ 30తో అయిపోయేది, దానికి 590 కలిపితే మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1321కి 590 కలిపితే 1911. అంటే 1911 జూలై నుంచి 1912 జూన్ దాకా. పరీధావి సంవత్సరం 1912 ఉగాదికి మొదలైంది. రెండూ కలిసే కాలం 1912 ఉగాది నుంచి జూన్ ఆఖరు దాకా మాత్రమే, వైశాఖం సరిగ్గా అందులోనే పడుతుంది. పాతవాళ్లు రెండు లెక్కలూ వేసి రాయడం చాదస్తం అనుకుంటాం గానీ, ఒక లెక్క చెరిగిపోయినా రెండోది నిలబెడుతుంది.

కాబట్టి రాతి గోడ 1912కి ముందుదే, ఎంత ముందుదన్నది గోడనే అడగాలి. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ప్లాస్టరు లేని చోట నిలబడి చూడండి. తుప్పు రంగు, పసుపు, మధ్యమధ్య తెల్లటి పొడిలాంటి మచ్చ, వాటి నడుమ ఆవగింజంత ముదురెరుపు గింజలు కనిపిస్తే అది మన కొండల్లో దొరికే ఖోండలైట్ రాయి, ఆ ఎర్ర గింజలు గార్నెట్‌లు. తర్వాత రాళ్ల మధ్య సున్నం చూడండి. మేకుతో కాస్త గీకితే తెల్లటి గుల్ల పలుకులు, సరిగ్గా కాలని ఆలిచిప్ప ముక్కలు కనిపిస్తాయి, సముద్రపు ఒడ్డు ఊళ్లలో సున్నం వాటినుంచే వచ్చేది. మీకైతే తూర్పు హద్దే సున్నపు బట్టీ దొడ్డి! బట్టీ పక్కనే ఉన్నవాళ్లు దూరం నుంచి ఏమి తెచ్చుకుంటారు. సిమెంటు కనిపిస్తే మాత్రం అది తర్వాతి అతుకు, మన దేశంలో సిమెంటు తయారీ మొదటిసారి మద్రాసులో మొదలైందే 1904లో.

తలుపుల్ని, ద్వారబంధాల్ని కూడా చూడండి. కమ్మరి కొట్టిన మేకు పలకలుగా, తల వంకరగా ఉంటుంది, ఫ్యాక్టరీ మేకు గుండ్రంగా సూటిగా ఉంటుంది. దూలం తాటిదైతే చేవ ఎంత నల్లగా ఉందో చూడండి. గుమ్మం పైన ఇనప దూలం ఉండి దాని మీద టాటా అని అచ్చు ఉంటే అది 1912 తర్వాతదే, ఆ కంపెనీలో మొదటి ఉక్కు కరిగిందే ఆ ఏడాది. ఇవన్నీ కలిపి చూస్తే ఏ ముక్క ఎప్పటిదో తెలుస్తుంది. ఇల్లు మొత్తానికి ఒకే వయసు ఉండాలని లేదు, మీ ఇంట్లో గోడకి ఒక వయసు, కప్పుకి ఒక వయసు.

ఇప్పుడు అసలు పేచీ. 1912 క్రయం చూద్దాం. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 100 రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, 140 కాబట్టి అయింది. అదే 90 రూపాయల ఇల్లయితే చేతికి అప్పగించేసి ఊరుకునే అవకాశం ఉండేది, చాలా పాత ఇళ్లకి మొదటి కాగితమే లేకపోవడానికి అదొక కారణం. అమ్మిన ఆవిడ భర్త బాకీలు తీర్చడానికి, మైనర్లని పోషించడానికి అమ్ముతున్నట్టు అందులో తప్పకుండా రాసే ఉంటారు, మళ్లీ చదవండి. అప్పటి హిందూ ధర్మశాస్త్రం లెక్కలో మైనర్ల ఆస్తిని తల్లి అమ్మాలంటే ఇలాంటి అవసరం చూపించాలి, లేకపోతే పిల్లలు పెద్దయ్యాక ఆ అమ్మకాన్ని తిరగదోడేవారు. అందుకే ఆ దస్తావేజుల్లో బాకీల జాబితా అంత పొడుగుంటుంది. ఆ గొడవకి ఇప్పుడు కాలం చెల్లిపోయింది, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

1926 దఖలు మీ అమ్మగారికి ప్రాణం. పసుపు కుంకుమల కింద ఇచ్చామని నోటిమాటగా చెప్పుకునే ఆస్తులు కోర్టులో నిలబడక ఎంతమంది ఆడపిల్లలు నష్టపోయారో, మీ ముత్తాత మాత్రం రిజిస్టరు చేయించాడు. ఆ ఇల్లు మీ అమ్మమ్మగారి సొంతం, అత్తింటి ఆస్తి కాదు, మామయ్యకి వంశపారంపర్యంగా వచ్చింది అంతకంటే కాదు. ఆవిడ 1979లో వీలునామా లేకుండా పోయారు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఆడవారి ఆస్తి మొదట కొడుకులకి, కూతుళ్లకి, భర్త ఉంటే ఆయనకి సమానంగా వెళ్తుంది. తాతగారు లేరు, పిల్లలు ఇద్దరు. మీరు రాసినది రాసినట్టే ఉంటే మీ అమ్మగారికి సగం. మామయ్య వాటా సగమే ఆయన వారసులకి వచ్చింది.

ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదు. పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో రాసుకోవడానికి కార్పొరేషన్ పెట్టుకున్న పేరు అది. బావ పేరు ఎక్కినంత మాత్రాన అమ్మ వాటా ఎక్కడికీ పోదు. ఒక హక్కుదారు ఇంట్లో ఉండి, ఇంకొకరు లేకపోయినా, ఉన్నవాడు అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. కానీ "నీకు ఇందులో ఏమీ లేదు" అని బాహాటంగా చెప్పిన రోజు నుంచి కథ మారుతుంది, అలా పన్నెండేళ్లు ఊరుకుంటే అవతలివాళ్లకి బలం వస్తుంది. మీ బావ ఆ మాట ఇప్పుడు అన్నాడు. కాబట్టి పండక్కి కలిసినప్పుడు మాట్లాడదాం అని ఆగకుండా లాయరుతో నోటీసు ఇప్పించండి, అవసరమైతే విభాగం దావా వేయించండి. చుట్టరికం ఎక్కడికీ పోదు, ఇల్లే పోతుంది. బిల్డరుకి కూడా విషయం రాతపూర్వకంగా తెలియజేస్తే చాలాసార్లు అక్కడే ఆగుతుంది, గొడవున్న స్థలంలో డబ్బు పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. దక్షిణం వైపు ఉమ్మడి గోడ సంగతి కూడా ఆయన చెవిన వేయండి. పక్కింటివాళ్లతో మాట్లాడకుండా ఆ గోడ మీద చెయ్యి వేయడానికి మీ బావకీ లేదు, మీకూ లేదు.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీశాం, ఏమీ రాలేదు అని కంగారు పడేవాళ్లకి కూడా ఇక్కడే చెబుతున్నా. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచి మాత్రమే వస్తుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టి వెతికించాలి. మీ దస్తావేజు వెనక వైపు ముద్రల మధ్య 1వ పుస్తకం, ఇన్నో వాల్యూం, ఇన్నో పేజీ, నెంబరు, సంవత్సరం అని ఉంటుంది, అది రాసుకుని వెళ్తే పని తేలిక. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కేది 1వ పుస్తకంలోనే. దానికి పేర్ల సూచిక ఒకటి, ఆస్తుల సూచిక ఒకటి ఉంటాయి, ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. డోరు నెంబర్లు ఎన్నోసార్లు మారాయి కాబట్టి నెంబరుతో వెతికితే దొరకదు, అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు, హద్దులతో వెతికించండి. ఈసీలో రిజిస్టరు అయినవే కనిపిస్తాయని కూడా గుర్తుంచుకోండి, నోటిమాట పంపకాలు, రిజిస్టరు చేయని వీలునామాలు అందులోకి రావు.

ప్రశ్న: అల్లిపురంలో మాది పాత రాతి గోడల ఇల్లు. మూడేళ్ల కిందట బయటా లోపలా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి వాటర్‌ప్రూఫ్ పెయింటు వేయించాం. ఇప్పుడు లోపల నడుం ఎత్తు దాకా ఉప్పు పూస్తోంది, తట్టి చూస్తే బోలుగా మోగుతోంది. గోడకి కెమికల్ ఇంజెక్షన్ చేస్తామని ఒకాయన పెద్ద కొటేషన్ ఇచ్చాడు. చేయించమంటారా?

జవాబు: వద్దు. ఆ డబ్బు అలా ఉంచండి.

పాత రాతి గోడకి కింద చెమ్మ ఆపే పొర ఏదీ ఉండదు. నేలలోని తడి రోజూ పైకి ఎక్కుతుంది, సున్నపు పూతలోంచి మెల్లగా ఆరిపోతుంది. వందేళ్లుగా జరిగింది అదే, ఎవరికీ ఇబ్బంది లేదు. మీరు రెండు వైపులా సిమెంటు, దాని మీద ప్లాస్టిక్ లాంటి పెయింటు వేసి ఆ దారి మూసేశారు. తడి బయటికి పోలేక ఇంకా పైకి ఎక్కుతుంది. అందులో కరిగిన ఉప్పు, అసలే మన ఊరి గాలిలోనే ఉప్పు, ఎక్కడ ఆరే సందు దొరికితే అక్కడ పలుకులు కడుతుంది. పలుకు పెరిగేటప్పుడు ప్లాస్టరుని వెనకనుంచి తోస్తుంది, బోలుగా మోగేది అదే. ఇంకా వదిలేస్తే రాయి ముఖమే పొరలు పొరలుగా రాలుతుంది, ఎందుకంటే ఖోండలైట్ గట్టి రాయి కాదు, వాతావరణానికి మెత్తబడి మట్టిగా మారే గుణం దానికి పుట్టుకతోనే ఉంది. సిమెంటు దానికంటే గట్టిది. గట్టిదీ మెత్తదీ పక్కపక్కన పెడితే నలిగేది మెత్తదే.

ఇంజెక్షన్ సంగతంటారా, ఒకే తీరుగా కట్టిన ఇటుక గోడలో మందు అడ్డంగా పొరలాగా పరుచుకోవచ్చు. మీ గోడ మధ్యలో అంతా చిన్న రాళ్లు, ఖాళీలు, మట్టి. పోసిన మందు ఏ సందులోకి పోతుందో పోసినవాడికే తెలియదు.

చేయాల్సింది ఇది. వానాకాలం, వాయుగుండాలు అన్నీ అయిపోనిచ్చి, సంక్రాంతి తర్వాత సిమెంటు ప్లాస్టరుని ఉలితో చిన్న చిన్నగా విడగొట్టించండి, బ్రేకర్ మెషిన్ పెట్టనివ్వకండి, లోపలి రాళ్లు కదులుతాయి. గోడని కొన్ని వారాలు అలా ఆరనివ్వండి. పూసిన ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపి ఎత్తి పారేయాలి, నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. తర్వాత సందుల్లో, పైన పూతకీ సున్నం వాడండి, ఒక వంతు సున్నానికి రెండున్నర, మూడు వంతుల ఏటి ఇసుక. బీచి ఇసుక మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా ముట్టుకోవద్దు, కొత్తగా ఉప్పు కొనుక్కున్నట్టే. పాతవాళ్లు గానుగలో నూరి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపేవారు, అది చేయగల మేస్త్రి దొరికితే అదృష్టం, దొరక్కపోతే బాగా నానిన సున్నం ముద్దతో చేసినా పని జరుగుతుంది. సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది, తడి గోనె పట్టాలు కట్టి ఎండ తగలకుండా చూసుకోవాలి. నాలుగు రోజుల్లో అయిపోవాలని మేస్త్రి తొందరపెడితే ఆ మేస్త్రిని మార్చండి. పైన వెల్ల తప్ప ఇంకేమీ వేయకండి. మొదటి పూత రెండు మూడేళ్లలో ఉప్పు తాగి రాలిపోవచ్చు, అది పాడైనట్టు కాదు, గోడలోని ఉప్పుని తను తీసుకుని పోతోందన్నమాట. మళ్లీ పూయించుకోండి.

ప్రశ్న: భీమిలిలో మా రాతి గోడల పెంకుటింటికి ప్రతి తుపానుకీ పెంకు లేచిపోతోంది. కప్పు తీసేసి స్లాబు వేసేద్దామని అబ్బాయి అంటున్నాడు. గోడలు ఎలాగూ రెండడుగులు కదా, ఏమైనా మోస్తాయి అంటున్నాడు.

జవాబు: అబ్బాయి గోడ మందం చూశాడు, లోపల ఏముందో చూడలేదు. లెక్క చెబుతా. పెంకు, పట్టీలు కలిపి చదరపు మీటరుకి సుమారు 65 కిలోల బరువు. అయిదంగుళాల స్లాబు చదరపు మీటరుకి 300 కిలోలు దాటుతుంది, పైన ప్లాస్టరు, వాటర్ ట్యాంకు, సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసే జనం అదనం. మట్టితో పేర్చిన రాతి గోడ నిలువు బరువు కొంత మోస్తుంది, కానీ రెండు ముఖాలూ విడిగా ఉన్న గోడ మీద ఒక్కసారి అంత బరువు పడితే మధ్యలో పొట్ట వస్తుంది. ఇప్పటికే గోడ ఎక్కడైనా ఉబ్బిందేమో ఒక తాడు సూటిగా లాగి పట్టి చూడండి. ఉబ్బితే స్లాబు మాట ఎత్తొద్దు. స్లాబే కావాలంటే దాని బరువుకి వేరే పునాది, వేరే స్తంభాలు వేసి, గోడ మీద ఏమీ మోపకుండా ఇంజనీరు డిజైన్ చేయాలి, అప్పుడు అది పాత ఇంట్లో కొత్త ఇల్లు కట్టడం.

మీ అసలు సమస్య గాలి. భవనాల కోడ్‌లో విశాఖపట్నానికి గాలి వేగం సెకనుకి 50 మీటర్లుగా లెక్క కట్టమంటారు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హుద్‌హుద్ దాదాపు అంత వేగంతోనే వచ్చింది. పెంకు తన బరువు మీదే కూర్చుని ఉంటే అది ఆగదు, ముఖ్యంగా చూరు దగ్గర, మూలల్లో, రెండు వాలులూ కలిసే నడికొప్పు మీద. ఆ వరసల్లో ప్రతి పెంకునీ తుప్పు పట్టని తీగతో పట్టీకి కట్టించండి, పెంకు అడుగున దానికోసం చిల్లు పెట్టిన ముక్కు చాలా వాటికి ఉంటుంది. వాసాలు గోడ మీద ఊరికే ఆనించి ఉంటాయి, వాటిని ఇనప పట్టీలతో గోడలోకి బిగించాలి. వసారా చూరు మరీ బయటికి వచ్చి ఉంటే గాలి కిందనుంచి పట్టుకుని లేపుతుంది, దాన్ని మిగతా కప్పు నుంచి విడదీసి కట్టించండి, పోతే అదొక్కటే పోతుంది. చెదలు తిన్న వాసాలు మార్చడానికి పూర్తి కప్పు దించక్కర్లేదు. ఇదంతా స్లాబు ఖర్చులో చిన్న భాగం.

ప్రశ్న: మా ఇంటి రాళ్లలో ఎర్రటి గింజలున్నాయి, గార్నెట్ అంటున్నారు. రాళ్లు అమ్మితే డబ్బొస్తుందా?

జవాబు: నగలకి పనికొచ్చే గార్నెట్ వేరు. మీ గోడలోది పగుళ్లతో, మసక మసకగా ఉంటుంది, రాయి పిండైతే అదే సముద్రపు ఒడ్డున ఎర్ర ఇసుకగా కనిపిస్తుంది. గోడ గోడగా ఉంటేనే మీకు లాభం. కోణార్క్ గుడి కట్టిందీ చాలావరకు ఖోండలైట్‌తోనే, ఆ మాట చుట్టాలకి చెప్పుకోండి.

ప్రశ్న: వాస్తు ప్రకారం తూర్పు గోడకి గుమ్మం పెట్టాలంటున్నారు. రాతి గోడ కొట్టడానికి ఒకరోజు చాలు అన్నాడు మేస్త్రి.

జవాబు: వాస్తు మీ ఇష్టం, నేను అందులోకి రాను. గోడ మాత్రం ఒకరోజులో కొట్టేది కాదు. పైన గోడకీ కప్పుకీ ముందు దన్ను పెట్టి, ఒక ముఖం వైపు సగం మందంలో గాడి చేసి దూలం వేసి, అది పట్టుకున్నాక రెండో వైపు వేసి, ఆ తర్వాతే కింద రాళ్లు తీయాలి. మూలకి మూడు నాలుగడుగుల లోపల గుమ్మం పెట్టకండి, మూల రాళ్లే రెండు గోడల్నీ పట్టి ఉంచుతాయి. ఒకరోజు అన్నాయన ఇంతకు ముందు ఎన్ని రాతి గోడలు కొట్టాడో అడగండి.

ప్రశ్న: తాతలనాటి దస్తావేజు మడతల దగ్గర చిరుగుతోంది. లామినేషన్ చేయించేస్తే భద్రంగా ఉంటుంది కదా?

జవాబు: చేయించకండి. వేడికి సిరా పాడవుతుంది, వెనక వైపు ముద్రలు, వేలిముద్రలు తర్వాత ఎవరైనా పరీక్ష చేయాలంటే వీలుండదు, ఒకసారి అతికిన ప్లాస్టిక్ ఊడదీస్తే కాగితం దానితోనే వస్తుంది. సెల్లో టేపు కూడా వద్దు, అయిదారేళ్లకి పసుపు మరక మిగులుతుంది. మడతలు విప్పి, రెండు తెల్ల కాగితాల మధ్య పరిచి, గట్టి అట్ట ఫైలులో పడుకోబెట్టండి. రెండు వైపులా రంగుల్లో స్కాన్ తీయించండి, వెనక ముద్రలు కూడా పడాలి. ముప్పయ్యేళ్లు దాటిన పత్రం ఉండాల్సినవారి దగ్గరే భద్రంగా ఉందని చూపిస్తే కోర్టు దాన్ని నిజమైనదిగా అనుకునే వీలు చట్టంలో ఉంది, అందుకని చేతులు మార్చకుండా ఇంట్లో ఒకరి దగ్గరే పెట్టి, ఎవరి దగ్గర ఉందో మిగతావాళ్లకి తెలియజేయండి. రిజిస్టరు అయిన దస్తావేజైతే ఇప్పుడే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ నకలు కూడా ఒకటి తీసి పెట్టుకోండి, అక్కడి పాత వాల్యూముల కాగితాలూ మీ కాగితం వయసువే.